పండని వేలు

నా పది వేళ్ళలో తొమ్మిది ఎర్రగా పండాయి. కుడిచేతి చూపుడువేలు ఒక్కటే లేత నారింజ రంగులో మిగిలిపోయింది. ఆదివారం మా అమ్మ ఆషాఢం గోరింటాకు పెట్టిన అరగంటకి సాయిగణేష్ నుంచి మెసేజ్ వచ్చింది. "తిన్నావా" అని, అంతే. ఆ ఒక్క మాటకి జవాబివ్వడానికి ఆ వేలి మీది ముద్దని పాత తువ్వాలుకి తుడిచేశాను. పెళ్ళై నలభై రోజులు. ఆషాఢం కాబట్టి నేను పుట్టింట్లో, తను కృష్ణలంకలో. అలాంటప్పుడు తిన్నావా అన్నది చాలా పెద్ద ప్రశ్న.

కొత్తల్లుడు ఈ నెలంతా అత్తగారి గడప తొక్కకూడదంటారు గానీ, వీధి చివర స్కూటర్ ఆపకూడదని ఎవరూ అనలేదు. గురువారం మధ్యాహ్నం మూడూ పదికి సాయిగణేష్ నన్ను పటమటలో దింపాడు. కాల్చిన మొక్కజొన్న పొత్తుని రెండు ముక్కలు చేసి పెద్ద ముక్క నాకిచ్చాడు. ఆ పొద్దున తన ఆఫీసులో నాలుగు కంప్యూటర్ల మీద గూగుల్‌లో నా పేరు వెతికి నొక్కాడట, నన్ను కాస్త పైకి తేవడానికి. ఇంతకన్నా గొప్ప ప్రేమలేఖ నాకెవరూ రాయలేదు.

నాకది అవసరం కూడా. గూగుల్‌లో విజయవాడ డిటెక్టివ్ అని కొడితే నేను రెండో పేజీలో ఏడో వరసలో వస్తాను, చెదల మందు కొట్టేవాళ్ళ కింద. మొదటి పేజీ మొదటి వరసలో గవర్నర్‌పేట జ్ఞానేశ్వర్ వస్తాడు, నల్లకళ్ళద్దాల ఫొటోతో సహా. రోజూ కాఫీకి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి చూసుకుంటాను. 

నన్ను పిలిచిన సాంబమూర్తి గారు గేటు దగ్గరే నిలబడి ఉన్నారు. మంగళగిరి నేతగాళ్ళ సంఘానికి పెద్ద. పొట్టిగా, ఇస్త్రీ చొక్కాలో, నాలుగు రోజులుగా నిద్రలేని కళ్ళతో. ఆయన సంఘంలో నలభై మగ్గాలున్నాయి. ఆ మగ్గాల మీద దిగే చీరల్ని పదకొండేళ్ళుగా ఊళ్ళకి చూపిస్తున్నది ఈ ఇంట్లోంచి నడిచే "నేతిల్లు" అనే వెబ్‌సైటు. ఏ అంచు ఎలా నేస్తారు, అసలు జరీని ఎలా గుర్తుపట్టాలి, ఇలాంటివి ఆరువందల వ్యాసాలున్నాయి దాన్లో. మంగళగిరి చీర అని ఎవరు వెతికినా మొదట అదే వచ్చేది. కింద నేతగాళ్ళ ఫోన్ నంబర్లుండేవి.

శ్రావణమాసం చీరలకి ఆర్డర్లు ఆషాఢం చివరి పది రోజుల్లోనే వస్తాయి. సరిగ్గా ఇప్పుడే, మొన్న ఆదివారం తెల్లవారేసరికి, నేతిల్లు గూగుల్‌లో లేకుండా పోయింది. ఒక్క పేజీ కూడా. ఫోన్లు ఆగిపోయాయి.

"వరలక్ష్మీవ్రతం దాటితే ఈ చీరలు దీపావళిదాకా బీరువాలోనే అండీ," అన్నారాయన. "అప్పటిదాకా నలుగురైదుగురు మగ్గం ఎత్తేస్తారు. ఒకసారి ఎత్తిన మగ్గం మళ్ళీ దించడం నేను చూళ్ళేదు."

అది హ్యాకింగ్ కాదని ఆయనకి అప్పటికే తెలిసింది. సైటు యజమానులకి గూగుల్ ఒక పేజీ ఇస్తుంది. మా సైటుని కొన్నాళ్ళు వెతుకులాటలో చూపించకండి అని అందులో అడగొచ్చు, అడిగిన కొన్ని గంటల్లో మాయమైపోతుంది. ఎవరో అలా అడిగారు. ఆయన నా చేతిలో ఒక కాగితం పెట్టారు. దాని మీద ఒకటే వరస అచ్చయి ఉంది. శనివారం మధ్యాహ్నం ఒంటిగంటా నలభై ఏడు, తొలగింపు కోరిక, ఆఫీసు కంప్యూటర్ నుంచి.

"ఇది ఎవరిచ్చారండీ?"

"జ్ఞానేశ్వర్ గారని, డిటెక్టివ్. ఆదివారం పొద్దున్నే ఛాయాదేవి గారు పిలిపించారు. ఇప్పుడే ఆ కోరిక రద్దు చేసేద్దామంటే ఆయన ముట్టుకోనివ్వట్లేదు. సాక్ష్యం చెరిగిపోతుందంట."

కాగితం పైన, పక్కల యంత్రం కోసిన అంచు. అడుగున మాత్రం కత్తెర వంకర. నేను మడిచి సంచీలో పెట్టుకున్నాను.

శనివారానికి ఆఫీసు ఖాతా పాస్‌వర్డ్ తెలిసినవాళ్ళు ఇద్దరే. ఒకరు నేతిల్లు నడిపే ఛాయాదేవి, ఈ ఇంటి పెద్దకోడలు. రెండోవారు రేణుక, చిన్నకోడలు, రెండు వీధుల అవతల ఉంటుంది. మూడేళ్ళు తోడికోడలి దగ్గరే ఈ పని నేర్చుకుని, రెండేళ్ళ కిందట "అంచూ కొంగూ" అని సొంతంగా ఇంకో సైటు పెట్టుకుంది. శనివారం ఇద్దరూ ఈ ఇంట్లోనే ఉన్నారు. వాళ్ళ భర్తలిద్దరూ వన్‌టౌన్‌లో బట్టల కొట్లో ఉన్నారు, సాయంత్రందాకా కదల్లేదని పక్కకొట్టువాళ్ళు కూడా చెప్పారు.

ముందు వీళ్ళ అత్తగారు వెంకటరావమ్మ గారితో కూచున్నాను. ఆవిడ నా చేతులు లాక్కుని చూసి, ఈ వేలు ఎందుకు పండలేదని అడిగింది. చెప్పాను. నవ్వి, ఆ తర్వాత అడిగినవన్నీ చెప్పింది. ప్రతి ఆషాఢం కోడళ్ళిద్దరికీ ఆవిడే రోట్లో ఆకు రుబ్బి పెడుతుంది. మొన్న శనివారం భోజనాలయ్యాక ఒంటిగంటకి మొదలుపెట్టి పదినిమిషాల్లో పెట్టేసింది. మూడింటికి ఇద్దరూ కడుక్కున్నారు. ఛాయాదేవి కళ్ళజోడు చెమటకి జారుతుంటే, చేతులు ఖాళీగా లేవు కదా అని ఆవిడే తీసి ఫ్రిజ్ మీద పెట్టింది.

"మధ్యలో ఎవరైనా పైకి వెళ్ళారాండీ?"

"నేను చూళ్ళేదమ్మా."

"మీరు పడుకున్నారా?"

"పడుకోలేదు. కళ్ళు మూసుకున్నానంతే. ఒంటిగంటన్నర సీరియల్ పాటప్పుడు మూశాను, అయిపోయిన పాటకి తెరిచాను."

అంటే అరగంట. నేరం చేయడానికి, చేసి వచ్చి మళ్ళీ కూచోవడానికి చాలినంత.

రేణుక వంటింటి గుమ్మానికి ఆనుకుని నిలబడి జవాబులు చెప్పింది. ముప్పై ఏళ్ళుంటాయి, మాట కోసినట్టుంటుంది. నేను కదల్లేదు అంది. అక్క కదిలిందా అంటే టీవీ చూస్తున్నానంది. ఏ సీరియల్‌లో ఏం జరిగిందని అడిగితే తడుముకోకుండా చెప్పింది, మరీ వివరంగా. జనవరి నుంచి నిజాం అంచు చీర అని వెతికితే ఆమె సైటే మొదట వస్తోందట, అక్కది రెండోది. ఎలా సాధించారంటే, అక్క రెండువేల మాటల్లో రాసింది తను మగ్గం పక్కన నిలబడి ఒక నిమిషం వీడియోలో చూపించానంది. ఆ చెప్పడంలో సంతోషం దాచుకోలేదు. చేతులు చాపమన్నాను. పదికి పది, దానిమ్మగింజల్లా.

ఛాయాదేవి హాల్లో దివాన్ మీద ఉంది. నలభై దాటిన మనిషి, మందపాటి అద్దాలు, కుడి చూపుడువేలికి ప్లాస్టర్. తోడికోడల్ని ఒక్కసారి కూడా పేరుతో అనలేదు. "ఆవిడ" అంటుంది, అంతే. ఒకటిన్నర దాటాక ఆవిడ లేచి మెట్లెక్కడం చూశానని, మంచినీళ్ళకనుకున్నానని చెప్పింది. వేలికేమైందంటే సోమవారం కత్తిపీట తగిలిందంది.

ఆఫీసు మేడమీద ఒక్క గది. నేను మూడూ యాభైకి మెట్లెక్కాను. పద్దెనిమిది మెట్లు, నీళ్ళ కుండ లేదు, గ్లాసు లేదు. బల్ల, కంప్యూటర్, కిటికీలో మడత చీరలు. ఎదురు గోడకి తెల్లబోర్డు. దాని మీద అరచేతంత అక్షరాలతో నిలువునా కొన్ని పదాలు: మంగళగిరి చీర, నిజాం అంచు, చెక్స్ చీర, శ్రావణం చీరలు. ఎదురుగా రెండు గళ్ళు. ఒకదాని నెత్తిన "మనం", రెండోదాని నెత్తిన "ఆవిడ". ప్రతి పదానికీ ఎవరిది ఎన్నో స్థానమో రోజూ తుడిచి రాసిన గుర్తులున్నాయి. ఒక గడిలో అన్నిసార్లు తుడిచారు, బోర్డు పెచ్చు లేచింది. నిజాం అంచు ఎదురుగా ఆవిడ గడిలో ఒకటి. ఆ అంకె చుట్టూ మార్కర్ మొన విరిగేలా గీసిన సున్నా.

ఆ బోర్డు చూసి నాకు సిగ్గేసింది. నా ఫోన్లో ఇలాంటిదే ఒకటుంది, జ్ఞానేశ్వర్ పేరుతో.

మౌస్ ఎత్తి చూశాను. ఎడమ మీట సందులో ఆకుపచ్చా గోధుమా కలిసిన రంగు పెచ్చు ఎండిపోయి ఉంది. గోటితో గీరి వాసన చూశాను. గోరింటాకు. మీట మీద ఒక్కచోటే మరక. కీబోర్డు శుభ్రంగా ఉంది. ఎవరో ఒక్క వేలు తుడుచుకుని, దానితోనే పని కానిచ్చారు.

"అది నేను ఆదివారమే చూశానమ్మా. ఫొటో కూడా తీశాను."

గుమ్మంలో జ్ఞానేశ్వర్. నాలుగూ అయిదు. నల్లద్దాలు నెత్తి మీదున్నాయి. వెనక సాంబమూర్తి గారు, ఇద్దరు కోడళ్ళు.

"భానుశ్రీ గారు కదూ," అన్నాడు. "మీరింకా ఈ ఫీల్డులోనే ఉన్నారా? ఎక్కడా కనపడరే."

"రెండో పేజీదాకా వచ్చే ఓపికున్నవాళ్ళకి కనపడతానండీ."

"అంతదూరం ఎవరొస్తారమ్మా."

సాంబమూర్తి గారు నేల చూశారు. జ్ఞానేశ్వర్ తన వాదం విప్పాడు, గట్టిగా, కింద ముసలావిడకి కూడా వినపడేలా. రేణుక మెట్లెక్కిందని ఛాయాదేవి చూసింది. మౌస్ మీద గోరింటాకుంది. నేతిల్లు పోతే అంచూ కొంగూ మొదటి స్థానానికొస్తుంది. ఇంక కావలసిందేముంది? సాయంత్రానికి తన సైటులో రాస్తానన్నాడు, అసలు పేర్లతో.

రేణుక మొహం పాలిపోయింది. 

"మరక చూశారు సరే. వీళ్ళ చేతులు చూశారా?" అన్నాను.

"ఆడవాళ్ళ చేతులు చూసే అలవాటు నాకు లేదు."

నేను అక్కడితో ఆగాల్సింది. కానీ అతను నవ్వుతున్నాడు, ఫొటోలో లాగే, మొదటి వరస నవ్వు. నాకు ఆ నవ్వు చెరపాలనిపించింది. సంచీలోంచి కాగితం తీసి నలుగురికీ కనపడేలా పట్టుకున్నాను.

"ఇది అడుగున ఎందుకు కత్తిరించారండీ? కింద ఇంకా ఏం వరసలున్నాయి?"

నవ్వు పోయింది. ఎంత తియ్యగా ఉందో ఆ క్షణం. అతను గడియారం చూసుకుని, వేరే క్లయింటు ఉన్నాడని, సాయంత్రం తన సైటు చూడమని చెప్పి దిగిపోయాడు. కారు చప్పుడు నాలుగూ ఇరవైకి వీధి దాటింది. గెలిచాననుకున్నాను.

తలుపు దగ్గరగా వేసి, కోడళ్ళిద్దర్నీ చేతులు బల్ల మీద పెట్టమన్నాను. నావి కూడా పెట్టాను. నా వేలి కథ చెప్పాను. అరగంటకే తుడిచేస్తే ఇలాగే లేతగా ఉంటుందని, రెండు గంటలుంచిన వేళ్ళ పక్కన నెల తిరిగినా తెలిసిపోతుందని.

"ఛాయాదేవి గారూ, ఆ ప్లాస్టర్ ఒకసారి తీస్తారా?"

ఆమె తియ్యలేదు. రేణుక తోడికోడలి చెయ్యి మెల్లగా ముందుకి జరిపి, తనే తీసింది. కత్తిపీట గాటు ఎక్కడా లేదు. చూపుడువేలు నా వేలి రంగులోనే ఉంది.



"నా సైటు నేనే తీసేసుకుంటానా అమ్మా," అంది ఛాయాదేవి. ఆ గొంతు నాకు కాదు, గోడ మీది బోర్డుకి చెబుతున్నట్టుంది. "దానిది తీసేద్దామని వెళ్ళాను."

రేణుక సైటు పెట్టుకున్నప్పుడు గూగుల్ పేజీ తెరిచి ఇచ్చింది ఛాయాదేవే. అందుకే ఈ ఆఫీసు ఖాతాలో రెండు సైట్లూ ఒకదాని కింద ఒకటి కనపడతాయి. రేణుక దాన్ని విడిగా మార్చుకోలేదు. ఆ శనివారం రేణుక చేతులకి గోరింటాకుతో కూచుంది, అత్తగారు కళ్ళు మూసుకుంది. అలాంటి అరగంట మళ్ళీ దొరకదనిపించింది. ఒక వేలు తుడుచుకుని మెట్లెక్కింది.

"కళ్ళజోడు ఫ్రిజ్ మీదుంది. తెచ్చుకుందామంటే చేతులిలా ఉన్నాయి, ఎవర్ని అడగను? తెర మీద రెండు వరసలు మసగ్గా కనపడ్డాయి. పైది నొక్కాను." ఆమె ఆగింది. "ఆర్నెల్లుగా ఎక్కడ చూసినా పైన ఉండేది అదే కదా."

ఆ ఖాతాలో మాత్రం పైనున్నది నేతిల్లు.

తెల్లారాక తెలిసింది ఏది పోయిందో. కానీ నోరు విప్పేలోపే ఇంటిల్లిపాదీ చుట్టూ చేరారట. భర్త, మరిది, అత్తగారు, అందరూ ఒకే మాట, ఇది రేణుక పనేనని.

"రెండేళ్ళ నుంచీ ఈ ఇంట్లో రేణుకని చూడు, రేణుకని చూడు. ఆ ఒక్కరోజు అందరూ నన్ను చూశారు. ఒక్క నాలుగు రోజులు ఉండనిద్దామనుకున్నాను. తర్వాత రద్దు చేసేస్తే సరిపోతుందనుకున్నాను."

"నలభై మగ్గాలమ్మా," అన్నారు సాంబమూర్తి గారు. గట్టిగా కూడా అనలేదు. ఆమె కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

నేను రేణుక వైపు తిరిగాను. "మీకు తెలుసు కదా. ఎందుకు చెప్పలేదు?"

"ఏమని చెప్పమంటారు, అత్తయ్య ముందు? ఆదివారం నా లెక్క చూసుకుందామని ఫోన్లో ఖాతా తెరిస్తే తొలగింపు కనపడింది, శనివారం టైముతో. అక్క మెట్లెక్కింది నేను చూశాను. వెంటనే రద్దు చేశాను. సోమవారం మళ్ళీ చేశాను. అయినా సైటు తిరిగి రాలేదు. మళ్ళీ అక్కే తీసేస్తోందనుకున్నాను." ఇంకాస్సేపటికి అంది, "తను లేకపోతే నేను ఫస్ట్ వస్తానని తెలుసండీ. అలా వస్తే గెలిచినట్టుండదు. తను ఉండగానే రావాలి."

ఛాయాదేవి మొదటిసారి ఆమె మొహంలోకి చూసింది.

రెండుసార్లు రద్దు చేశారు. నా చేతిలో కాగితం మీద ఒకటే వరస. నాలుగూ నలభై ఎనిమిదికి ఛాయాదేవి చేత ఖాతా తెరిపించాను. ఆదివారం ఉదయం పాస్‌వర్డ్ జ్ఞానేశ్వర్‌కి ఇచ్చాక, భయంతో ఆమె ఈ పేజీ తెరవలేదు. మేము నలుగురం వంగి చదివాం.

శనివారం ఒకటీ నలభై ఏడు, తొలగింపు, ఆఫీసు కంప్యూటర్. ఆదివారం తొమ్మిదీ పన్నెండు, రద్దు, ఫోన్. అది రేణుకది. ఆదివారం తొమ్మిదీ నలభై, మళ్ళీ తొలగింపు. ల్యాప్‌టాప్, గవర్నర్‌పేట. సోమవారం ఆరూ అయిదు, రద్దు, ఫోన్. ఆరూ ఇరవై, తొలగింపు. ల్యాప్‌టాప్, గవర్నర్‌పేట.

కత్తెర కోసేసిన వరసలు ఇవి. సైటు తిరిగొస్తున్న ప్రతిసారీ జ్ఞానేశ్వర్ దాన్ని మళ్ళీ ముంచాడు.

ఎందుకో తెలుసుకోవడానికి నాకు ఫోన్ చాలింది. మంగళగిరి చీర అని కొట్టాను. మొదటి వరసలో అతని సైటు. "మాయమైన మంగళగిరి చీరల రహస్యం, నాలుగో భాగం." నేతిల్లు ఎక్కడికి పోయిందని వెతికిన ప్రతి మనిషీ అయిదు రోజులుగా అక్కడికే వెళుతున్నాడు. వ్యాసం అడుగున, అసలైన మంగళగిరి చీరలకి సంప్రదించండి అని ఒక నంబరు. అది జ్ఞానేశ్వర్ నంబరు. ఆగిపోయిన ఫోన్లు ఎక్కడికి వెళ్ళాయో సాంబమూర్తి గారికి అప్పుడర్థమైంది.

"రద్దు నొక్కండి," అన్నాను.

ఛాయాదేవి కళ్ళజోడు పెట్టుకుంది. పాలిపోయిన ఆ వేలు మౌస్ మీదికి తెచ్చింది. తెర ఒకసారి తెల్లబడి మళ్ళీ వచ్చింది. వరసలు లేవు. ఈ సైటుకి మీరు యజమాని కారు అని ఒక మాట ఉంది. వెనక్కి వెళ్ళి చూసింది. జాబితాలో నేతిల్లు లేదు. దాని కింద ఉండాల్సిన అంచూ కొంగూ కూడా లేదు.

నాలుగూ యాభై రెండు. అతను గవర్నర్‌పేట చేరి, ల్యాప్‌టాప్ తెరిచి, రెండు సైట్లకీ యజమానిగా తన పేరు పెట్టుకుని వీళ్ళ పేరు తీసేయడానికి సరిపడా సమయం. ఆ సమయం అతనికి ఇచ్చింది నేనే. ఒక్క నవ్వు చెరపడం కోసం, కాగితం చూపించి.

"అక్కా, నాది కూడా," అంది రేణుక, చిన్నగా.

ఛాయాదేవి ఆమె చెయ్యి పట్టుకుంది. తొమ్మిది ఎర్రటి వేళ్ళూ ఒక లేత వేలూ, పది ఎర్రటి వేళ్ళ మీద.

నా ఫోన్ మోగింది. సాయిగణేష్ అనుకున్నాను. కాదు.

"భానుశ్రీ గారూ, కేసు వదిలేయండమ్మా," అన్నాడు జ్ఞానేశ్వర్, చాలా మర్యాదగా. "లేకపోతే రేపు పొద్దున అయిదో భాగం వేస్తాను. పెద్దకోడలి గోరింటాకు కథ. రద్దు చేసినా, దావా వేసినా, ఆ కుటుంబం పేరు వెతికినవాళ్ళకి జన్మంతా మొదట వచ్చేది అదే."

"మీ దగ్గర రుజువేముంది?"

"ఫొటో ఉంది. ప్లాస్టర్ వేసుకోకముందుది." అవతల ల్యాప్‌టాప్ మూసిన చప్పుడు. "మీరు ఇవాళ కనిపెట్టారు కదా, ఆ వేలు. నేను ఆదివారమే చూశానండీ."